జీడిపప్పు డబ్బాలో వీడియో గేమ్

కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్లలో ఎవరినడిగినా, డబ్బాకు మాటు వేయడంలో ఇమ్మానుయేలును మించినవాడు లేడంటారు. ఈ మాట అందరికంటే ఎక్కువసార్లు అనేది ఇమ్మానుయేలే అనుకోండి, అయినా అందులో అబద్ధం లేదు. పప్పు నింపిన రేకు డబ్బాలోంచి గాలి లాగేసి, గ్యాసు పట్టించి, మూత అంచున సీసం కరిగించి చుట్టూ మాటు వేశాడంటే, ఆ డబ్బా ఏ ఓడెక్కి ఏ దేశం పోయినా లోపలి పప్పు కరకరలాడుతూనే ఉంటుంది. "నా డబ్బాలోకి సీమా దోమా కాదు, సీమ ఊపిరి కూడా దూరదు" అని కొత్తగా పనిలో చేరిన వాళ్లందరికీ చెబుతాడు. వాళ్లు విని, నవ్వుకుని, పనిలో పడతారు.

ఇంట్లోనూ అదే వరస. బియ్యం డబ్బాలో, చింతపండు డబ్బాలో, క్రిస్మస్ నక్షత్రం డబ్బాలో, టీవీ రిమోట్ కూడా డబ్బాలో. వాటికి మాటు వేయడు కానీ, మూత మాత్రం కసిగా బిగిస్తాడు. మూత లేని డబ్బా కంటబడితే అన్నం కంచం ముందునుంచైనా లేచి వెళ్లి మూసి వస్తాడు. "ఈ ఇంట్లో డబ్బాలో ఎట్టనిది నన్నొక్కదాన్నే" అంటుంది భార్య ఇవాంజెలిన్.

అలాంటి మనిషి నలభై దాటాక ఒకరోజు చీట్లపేక ముక్కంత కంప్యూటర్ బోర్డు కొనుక్కొచ్చి, పాత వీడియో గేములు ఆడతానని కూర్చుంటే వీధి వీధంతా నవ్వింది. మతి పోయిందన్నారు. పోలేదు. అతని బాధ అతనికుంది. ఆ బాధ పేరు మగ్దలీన.

మగ్దలీన అతని అక్క; అతను పిలిచేది అప్పా అని. పూండి దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక ఉద్దానం ఊళ్లో, కొబ్బరి చెట్లూ జీడితోటా ఉన్న ఇంట్లో, భర్త జక్కయ్యతో ఉంటుంది. ఆ చుట్టుపక్కల చాలామందికి వచ్చినట్టే ఆమెకూ కిడ్నీల జబ్బు వచ్చింది. సోమ, బుధ, శుక్రవారాలు ఆటోలో పలాస ఆస్పత్రికి వచ్చి, నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళ్లాలి. ఏడాదిపాటు వచ్చింది. తరవాత ఎగ్గొట్టడం మొదలుపెట్టింది. ఒకసారి మేక ఈనుతోందంది. ఇంకోసారి చర్చిలో స్త్రీల కూటం ఉందంది. మరోసారి కారణం చెప్పే ఓపిక కూడా లేక, "నానెల్లనంటే ఎల్లను" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

జక్కయ్య నోట్లో నాలుక లేని మనిషి. బతిమాలడం తప్ప ఏమీ తెలీదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లారు. ఆవిడ తల వంచుకుని భక్తిగా విని, టీ ఇచ్చి పంపించి, ఆ వారమూ ఎగ్గొట్టింది. ఆస్పత్రిలో డాక్టరు మాత్రం ఇమ్మానుయేలును పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. ఇలాగే ఎగ్గొడుతూ పోతే మనిషి దక్కదన్నాడు.

ఇమ్మానుయేలు ఆరోజు ఇంటికొచ్చి, భోజనం మాని, పెరట్లో కూర్చుని ఏడ్చాడు. తల్లి పొద్దున్నే జీడిపిక్కలు కొట్టే పనికి పోతే అతనికి తల దువ్వింది అక్క, బడికి తోలింది అక్క, ఎవడైనా కొడితే వెళ్లి వాడిని కొట్టొచ్చింది కూడా అక్కే. ఏడ్చి ఏడ్చి, ఏం చేస్తే ఆవిడ తనంత తానుగా పలాస వస్తుందా అని ఆలోచించాడు. చిన్నప్పుడు అక్క ఎవరూ చెప్పకుండా, ఎవరు ఆపినా ఆగకుండా పరుగెత్తిన చోటు ఒక్కటే గుర్తొచ్చింది. కాశీబుగ్గ బస్టాండు వెనక ఉండే వీడియో గేముల కొట్టు.

ఆ కొట్టులో ఒక టీవీ, ఒక క్యాసెట్టు పెట్టె, రెండు రిమోట్లు, ముక్కులు తుడుచుకుంటూ ఓ పాతికమంది మగపిల్లలు. ఆడపిల్ల అంటూ వచ్చింది మగ్దలీన ఒక్కతే. శనివారం సాయంత్రం క్వయిర్ ప్రాక్టీసని ఇంట్లో చెప్పి, తమ్ముడిని సాక్ష్యానికి వెంటబెట్టుకుని వచ్చేది. ఆవిడది ట్యాంకుల ఆట. తెర అడుగున ఇటుకగోడ మధ్య చిన్న కోట ఉంటుంది. అక్కాతమ్ముళ్లవి చెరో ట్యాంకు. పైనుంచి శత్రువుల ట్యాంకులు దిగుతుంటే కోటను కాపాడుకోవాలి. మగ్దలీన కూర్చుంటే లేచేది కాదు. గడి తరవాత గడి దాటుకుంటూ పోయేది, నీళ్ల కాలవ ఉన్న గడి దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగిపోయేది. మగపిల్లలు తమ వంతు మరిచిపోయి ఆవిడ చుట్టూ నిలబడి చూసేవాళ్లు. చివరికి ఒక శనివారం తల్లి వచ్చి జడ పట్టుకుని లాక్కుపోయింది. లాక్కుపోతున్నా వెనక్కి తిరిగి, "ఒరే, ఎడమేపు సూడు, ఎడమేపు!" అని తమ్ముడికి అరుస్తూనే వెళ్లింది.

ఆ ఆట దొరికితే అక్క వస్తుంది. ఇదీ ఇమ్మానుయేలు లెక్క. అతని ఇల్లు ఆస్పత్రికి ఆటో దూరం. మిషన్ దిగాక ఒక గంట మంచం మీద పడుకుని ఆడుకోవచ్చు. ఆట కోసం వస్తే ఆస్పత్రి దారిలోనే ఉంటుంది కదా.

పాత క్యాసెట్టు పెట్టెలు ఇప్పుడెక్కడివి? సెల్ ఫోన్లు బాగుచేసే మణిదీప్‌ను అడిగాడు. వరస ఏమీ లేకపోయినా మణిదీప్ అతన్ని మావా అంటాడు.

"పెట్టె ఎందుకు మావా, ఇదుంది సూడు" అని ఆ ముక్కంత బోర్డు చేతిలో పెట్టాడు మణిదీప్. "దీన్ని టీవీకి తగిలించి, మెమరీ కార్డులో ఎమ్యులేటర్ ఎక్కిత్తే, నీ పాత పెట్టె ఎలా నడిసిందో అచ్చంగా అలాగే నటిత్తది. రిమోట్లకి వైర్లుండవు. బ్లూటూత్. మీ అప్ప మంచం మీద పడుకునే ఆడొచ్చు."

వైరు లేకపోవడం ఇమ్మానుయేలుకు బాగా నచ్చింది. మిషన్ దిగిన అక్క ఎడం చెయ్యి కట్టుతో ఉంటుంది, దాన్ని ఏ వైరూ లాగకూడదు. బొటనవేలు కదిపితే ఫర్వాలేదా అని ముందే నర్సును అడిగి ఉంచుకున్నాడు. బరువు పడనీయకుండా దిండు మీద పెట్టుకుంటే ఫర్వాలేదందామె.

ఇంటికి తెచ్చి తగిలించగానే మొదటి గొడవ మొదలైంది. టీవీలో రంగులు వచ్చాయి, మూలన పచ్చని మెరుపు గుర్తు ఒకటి వెలిగింది, కాసేపటికి అంతా ఆరిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ మెరుపు, మళ్లీ చీకటి. ఇమ్మానుయేలు ఆ మెరుపును చూసి సంబరపడ్డాడు. "కరెంటు బలంగా అందుతోందని గుర్తిత్తంది" అని ఇవాంజెలిన్‌కు వివరించి చెప్పాడు. మణిదీప్ ఫోన్లో ఆ మాట విని పడీ పడీ నవ్వాడు. కరెంటు చాలక అది మొత్తుకుంటోందట. ఇమ్మానుయేలు దానికి పెట్టింది ఇవాంజెలిన్ పాత ఫోను ఛార్జరు. సరైన అడాప్టరు తెచ్చి పెట్టాక మెరుపు పోయింది, ఆట వచ్చింది. ఆ ట్యాంకులు, ఆ ఇటుకలు, ఆ టుక్‌టుక్ శబ్దం విని ఇమ్మానుయేలు పన్నెండేళ్లవాడైపోయాడు.

ఇక దానికో పెట్టె కావాలి. మణిదీప్ ప్లాస్టిక్ పెట్టె చూపిస్తే ఇమ్మానుయేలుకు నామోషీ అనిపించింది. పలాసలో పుట్టి, డబ్బాల మీద బతుకుతూ, ప్లాస్టిక్‌లో పెట్టడమా? యూనిట్‌లోంచి ఒక కొత్త డబ్బా తెచ్చి, సగానికి కోసి, అంచులు మడిచి, వైర్లకు చిన్న కన్నాలు చేసి, వాటి చుట్టూ రబ్బరు తొడిగి, మీద గట్టి మూత ఒకటి చేశాడు. అద్దంలా మెరిసిపోయింది.

"గాలాడాలి కదా మావా" అన్నాడు మణిదీప్ ఫోటో చూసి.

"గాలా? నా డబ్బాలోనా?" అన్నాడు ఇమ్మానుయేలు, ఎవరో పరువు తీసినట్టు. చివరికి బోర్డు వేడెక్కి పాడవుతుందంటే, మనసు రాయి చేసుకుని అడుగున సూదిమొనంత బెజ్జాలు కొన్ని వేశాడు. గురువారం సాయంత్రం మూత ఇంకా రంగు ఆరుతుంటే, తీసిన డబ్బాతోనే ఆడి చూశాడు. ఎక్కడా తేడా లేదు. అక్కకు ఫోన్ చేసి, "అప్పా, ట్యాంకులాట తెచ్చీసాను, రేపు మిషన్ దిగి మా ఇంటికి రా" అన్నాడు. "ఏ ట్యాంకులాటరా? మనదేనేటి?" అంది మగ్దలీన. ఆ గొంతు విని ఇమ్మానుయేలుకు ఊపిరొచ్చింది.

శుక్రవారం వచ్చింది. మిషన్ మీద నాలుగు గంటలూ పడుకుని, దిగి, జక్కయ్య భుజం పట్టుకుని తమ్ముడి ఇంటి మెట్లెక్కింది. ఇవాంజెలిన్ మంచం సర్దింది. ఇమ్మానుయేలు అక్క రాకముందే రంగేసిన మూత తెచ్చి, చుట్టూ నొక్కి, చుట్టం వచ్చే ఇంటికి తగ్గట్టు డబ్బాను తుడిచి టీవీ పక్కన నిలబెట్టాడు.

ఆట మొదలైంది. మగ్దలీన తన ట్యాంకును కుడికి తిప్పింది. అది కుడికి వెళ్లింది, వెళ్తూనే ఉంది. బొత్తాం వదిలినా ఆగలేదు. గోడకు తగిలి అక్కడే కొట్టుకుంది. ఆవిడ ఎంత నొక్కినా పేలదు. కాసేపటికి ఉన్నట్టుండి తనంతట తానే తిరిగి, సొంత కోటనే పేల్చేసింది. రెండోసారి రిమోటుకు డబ్బాతో సంబంధమే తెగిపోయింది. మూడోసారి రెండు రిమోట్లకూ తెగిపోయింది. ఇమ్మానుయేలు చెమటలు కక్కుతూ వైర్లు పీకి పెట్టాడు, బ్యాటరీలు మార్చాడు, రిమోటును చేతిలో వేసి కొట్టాడు.

మగ్దలీన దిండు మీదికి వాలిపోయింది. "ఒగ్గీరా" అంది నవ్వుతూ. "నీ గేమూ నా కిడ్నీలూ ఒకటే. కంపెనీ మాల్ కాదు." నవ్వింది కానీ ముఖంలో వెలుతురు లేదు. జక్కయ్యను లేపి, ఆటో పిలిపించుకుని వెళ్లిపోయింది. సోమవారం ఆస్పత్రికి రాలేదు.

ఇమ్మానుయేలు డబ్బాను చంకనబెట్టుకుని మణిదీప్ కొట్టుకు వెళ్లాడు. మణిదీప్ మూత తీసి, అక్కడి టీవీకి తగిలించి ఆడితే చక్కగా ఆడింది. ఇంటికి తెచ్చి మూత పెట్టి ఆడితే తిక్క వేషాలు. మళ్లీ కొట్టుకు. మళ్లీ బాగుంది. డాక్టరు ముందు కూర్చోగానే తగ్గిపోయే కడుపునొప్పిలా ఉంది దాని వరస. మణిదీప్ మెమరీ కార్డు మార్చాడు, సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాడు, రిమోట్లు వేరేవి ఇచ్చాడు, చివరికి పక్కింటివాళ్ల వైఫై మీద నెట్టేశాడు. ఇమ్మానుయేలు పక్కింటికి వెళ్లి, వైఫై కాసేపు ఆపమని బతిమాలాడు. వాళ్లు ఆపారు. ట్యాంకు మాత్రం ఆగలేదు. మూత తీస్తే బాగుంటుందేమోనని ఒక్క క్షణమైనా అతనికి తట్టలేదు. మూత అంటే ఎప్పుడూ మంచే చేసేదని అతని నమ్మకం.

మంగళవారం మధ్యాహ్నం యూనిట్ గేటు దగ్గర జక్కయ్య వచ్చి నిలబడ్డాడు. అంత దూరం నుంచి, ఎండలో, గొడుగు కూడా లేకుండా. ఇమ్మానుయేలు చేతిలో పని వదిలేసి పరుగెత్తుకెళ్లాడు.

"ఏటి బావా? అప్పకేటైనా అయ్యిందా?"

"కాళ్లకి నీరొచ్చింది. రేపు కూడా రానంటంది. నువ్వొచ్చి సెప్పాలి" అన్నాడు జక్కయ్య. "పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఫోన్ సేసేనో. కవరేజీలో లేదు, కవరేజీలో లేదు అంటంది."

"కాశీబుగ్గ నడిబొడ్డులో కవరేజీ లేకపోటమేటి?" అంటూ ఇమ్మానుయేలు లోపలికి వెళ్లి తన ఫోను తీశాడు. ఒక్క కాల్ కూడా రాలేదు. వెనకే వచ్చిన జక్కయ్య తన ఫోను చూపించాడు. నిండా ఇతని పేరే.

పప్పు గ్రేడింగ్ బల్ల దగ్గర సన్యాసమ్మ ఉంది. ఆడవాళ్ల పనికి పెద్ద ఆవిడే. ఈ గోల విని చేతిలో పప్పులు ఏరుతూనే, "ఆ డబ్బాలో ఉంటే ఎలాగొత్తాదయ్యా ఫోను?" అంది.

ఆ యూనిట్‌లో అదొక కట్టుబాటు. పనివేళ ఫోనుకు జీడి నూనె అంటకూడదని, మాటిమాటికీ మోగి పని చెడకూడదని, అందరి ఫోన్లూ ఒక ఖాళీ డబ్బాలో వేసి మూత బిగిస్తారు. అందులో ఉన్నంతసేపూ ఏ ఫోనూ మోగదు, బయటినుంచి చేసినవాళ్లకు కవరేజీ లేదని చెబుతుంది. ఇది అక్కడ పనిచేసే ప్రతి మనిషికీ తెలుసు, కంగారులో ఇమ్మానుయేలుకే గుర్తు రాలేదు. ఇంట్లోవాళ్లకు, "డబ్బాలో ఉంటాది, భోజనాలప్పుడు సెయ్యండి" అని చెప్పుకోవడం కూడా అలవాటే.

"మూత ఊడిపోతంది, ఫోన్లు మోగిపోతన్నాయంటే, గట్టిగా సేసిత్తానని నువ్వే కదేటి మొన్న సంకురాత్రి ముందు ఈ డబ్బా సేసిచ్చావు?" అంది సన్యాసమ్మ.

ఇమ్మానుయేలు ఆ డబ్బా వంక చూశాడు. నోరు తెరుచుకుని చూశాడు. "ఓరి దేవుడా!" అని నెత్తి మీద ఠప్పున కొట్టుకున్నాడు. సన్యాసమ్మకేం అర్థం కాలేదు. జక్కయ్యకు అసలే కాలేదు. బావను తన బండి వెనక ఎక్కించుకుని, మేస్త్రీకి చెప్పీ చెప్పకుండా, ఇంటికి దౌడు తీశాడు.

డబ్బా మూత తీశాడు. రిమోటు నొక్కాడు. ట్యాంకు కుడికి వెళ్లి, వదలగానే ఆగింది. మూత పెట్టాడు. వెర్రెత్తింది. మూత తీశాడు. బుద్ధి వచ్చింది. ఇరవయ్యేళ్లుగా ఏమీ దూరకుండా డబ్బాలు చేసిన చేతులు రిమోటు మాటను కూడా దూరనివ్వలేదు. ఇమ్మానుయేలుకు సిగ్గేసింది, లోపల ఎక్కడో కాస్త గర్వం కూడా వేసింది, అది దాచుకున్నాడు.

వెంటనే రేకు కత్తెర తీసుకుని డబ్బా ముందు పక్కంతా కోసి పారేశాడు, మూత అవతల విసిరేశాడు. డబ్బా కోసిన చోట ఇవాంజెలిన్ అల్లిన లేసుగుడ్డ ఒకటి వేలాడదీశాడు. ఇవాంజెలిన్ తలుపు దగ్గర నిలబడి చూస్తూ, "సువార్త కూటాల్లో సాక్ష్యం సెప్పాల్సిన మార్పే ఇది" అంది.

ఇప్పుడు అక్కను రప్పించాలి. ఆస్పత్రి మాటెత్తితే గోడ వైపు తిరుగుతుంది. ఇమ్మానుయేలు వీడియో కాల్ చేశాడు. మంచం మీద పడుకునే ఎత్తింది మగ్దలీన. ముఖం ఉబ్బి ఉంది. అతను ఏమీ అనకుండా ఫోనును టీవీ వైపు తిప్పి, ఆడుతున్నట్టు చూపించి, "అప్పా, నువ్వాగిపోయిన ఆ నీళ్ల కాలవ గడి గుర్తుందా? దాటీసాను" అన్నాడు.

"ఎవుడు?"

"నానే."

"నువ్వా!" మగ్దలీన లేచి కూర్చుంది. "నీ మొకం. రెండో గడి దాటలేనోడివి. ఎడమేపు సూసుకోడం తెల్దు నీకు. అబద్దాలాడకు, ఆదివారం బల్ల తీసుకుంటావు."

"వచ్చి సూడు మరి."

"వత్తాను. వచ్చి నీ సంగతి సూత్తాను" అని పెట్టేసింది. నిజానికి ఇమ్మానుయేలు దాటింది ఏమీ లేదు. అబద్ధమాడిన నోటితో ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల రొట్టె తీసుకోవాలని తలుచుకుని కొంచెం భయపడ్డాడు, దేవుడు అర్థం చేసుకుంటాడులే అని సర్దుకున్నాడు.

బుధవారం పొద్దున ఆమె ఆటో ఎక్కిందని తెలుసు. పలాస వచ్చాక ఆస్పత్రికి తిరుగుతుందో, తిన్నగా తన ఇంటికే వచ్చేస్తుందో తెలీదు. ఇమ్మానుయేలు పనికి సెలవు పెట్టి వీధిలో నిలబడ్డాడు. వచ్చే ప్రతి ఆటోనూ చూసి ఉలిక్కిపడ్డాడు. చాలాసేపటికి జక్కయ్య ఫోన్ చేసి, గుసగుసగా, "మిషన్ మీదుంది. దార్లో ఏటీ అనలేదు. 'ఎలాగూ పలాస వత్తన్నాం కదా' అంది, అంతే" అన్నాడు. ఇమ్మానుయేలు వీధిలోనే చేతులు జోడించాడు.

మధ్యాహ్నం వచ్చింది. నడక నీరసంగా ఉంది కానీ, కళ్లు డబ్బా మీదే ఉన్నాయి. మంచం మీద ఒరిగి, కట్టున్న చెయ్యి దిండు మీద పెట్టుకుని, రిమోటు అందుకుంది. "కానీ."

ఆట మొదలైంది. మొదటి గడి ఆమె ఒక్కతే ఊడ్చేసింది. ఆ వేళ్లు ఏమీ మరిచిపోలేదు. ఇమ్మానుయేలు తన ట్యాంకును కోట పక్కనే నిలబెట్టి, ఆమెకు అడ్డం రాకుండా, దొరికిన శత్రువులను కూడా ఆమెకే వదిలేస్తూ ఆడాడు. ఎదర మంచి బహుమతి గుర్తు వెలిగితే తీసుకోకుండా పక్కకు తప్పుకున్నాడు. రెండో గడి అయింది. మూడో గడి మధ్యలో మగ్దలీన రిమోటు కింద పెట్టేసింది.

"నీ ట్యాంకు ఏటలా మేకపిల్లలాగ మూల నిలబడిపోయింది?"

"నీకడ్డం ఎందుకని అప్పా."

"నువ్వు కూడానేటిరా?" అంది. గొంతు ఒక్కసారి మారిపోయింది. "ఇంట్లో సీపురు అట్టుకుంటే లాగీసుకుంటారు. కొబ్బరి కోరతానంటే కత్తి దాసీసారు. కూటంలో పాట ఎత్తుకోబోతే 'నువ్వు కూకో మగ్దలీనా, ఆయాసమొత్తాది' అంటారు. నన్ను తిట్టినోడు లేడు, నాతో తగువాడినోడు లేడు. అందరూ గొంతు తగ్గించి మాట్టాడతారు, నాను ఇప్పుడే పోయినట్టు. అలాటి బతుక్కోసం వారానికి మూడేసిసార్లు సూదులు పొడిపించుకోవాలేటి? నువ్వొక్కడివైనా నాతో ఆడతావనొచ్చేను. నువ్వూ జాలిపడతన్నావు."

జక్కయ్య గుమ్మంలో తల వంచుకున్నాడు. కొబ్బరి కత్తి దాచింది ఆయనే మరి. ఇవాంజెలిన్ వంటింట్లోంచి వచ్చి ఆగిపోయింది. ఇమ్మానుయేలు డాక్టరు మాట చెప్పాలనుకున్నాడు, బతిమాలాలనుకున్నాడు, ఏడుపు కూడా వచ్చింది. అవేవీ చేయలేదు. రిమోటు తీసుకుని, ఆగి ఉన్న అక్క ట్యాంకు మీద గురి చూసి పేల్చాడు.

ఆ ఆటలో తోటివాడి గుండు తగిలితే ట్యాంకు కాసేపు కదలకుండా బిగుసుకుపోతుంది. మగ్దలీన ట్యాంకు బిగుసుకుపోయింది. ఆమె కళ్లింతచేసి చూసింది.

"ఒరే!"

ఇమ్మానుయేలు మళ్లీ పేల్చాడు. వెలుగుతున్న బహుమతి గుర్తు మీదికి దూకి తనే తీసేసుకున్నాడు. "మూడో గడిలోనే ఆయాసమొచ్చీసిందేటి? పాత మగ్దలీనయితే ఈపాటికి ఆరులో ఉండేది" అన్నాడు.

"దొంగ సచ్చినోడా, నీ పని సెబుతానుండు" అని రిమోటు అందుకుంది ఆమె. ఇక ఆ గదిలో యుద్ధమే. శత్రువులతో కొంత, ఒకరితో ఒకరు కొంత. ఆమె అతన్ని బిగించింది, అతను ఆమెను బిగించాడు. "ఎడమేపు, ఎడమేపు!" అని ఆమె అరిచింది. "నువ్వడ్డం తప్పుకో ముందు!" అని అతను అరిచాడు. కట్టున్న చెయ్యి జాగ్రత్త అనబోయిన జక్కయ్యను ఇవాంజెలిన్ చెయ్యి పట్టుకుని ఆపింది. నాలుగు దాటారు, అయిదు దాటారు. ఆ నీళ్ల కాలవ గడి దగ్గర ఇమ్మానుయేలు కంగారులో శత్రువును వదిలేసి తమ గోడనే పేల్చాడు. రెండో గుండు నేరుగా కోటకు తగిలింది. అంతా అయిపోయింది.

మగ్దలీన మంచి చెయ్యితో అతని వీపు మీద ఒక్కటేసింది. "ఇదేనేటి నువ్వు దాటీసిన గడి? అబద్దాలకోరు! ఎడమేపు సూడమంటే మనింటి మీదే గుండేత్తావా?" అని తిట్టింది. తిట్టి తిట్టి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక కళ్లనీళ్లు వచ్చాయి. ఇమ్మానుయేలు వీపు రుద్దుకుంటూ, చిన్నప్పుడెన్నో తిన్న ఆ దెబ్బ ఇంకా అంతే గట్టిగా ఉందని సంతోషించాడు.

ఆటో వచ్చి బయట హారన్ కొట్టింది. మగ్దలీన నెమ్మదిగా లేచి, చెప్పులు వేసుకుని, జక్కయ్య చెయ్యి అందించబోతే తోసేసింది.

"శుక్రారం మొదటి బేచీలోనే మిషన్ ఎక్కుతాను, ఆటోవోడికి సెప్పు" అంది భర్తతో. "పెందరాళే దిగితే రెండాటలాడొచ్చు."

జక్కయ్య తలూపాడు. ఆమె మెట్లు దిగి, ఆటోలో కూర్చుని, తల బయటికి పెట్టింది.

"నన్ను ఆస్పత్రికి రప్పించడానికే కదరా ఈ వేషాలన్నీ?"

ఇమ్మానుయేలు దొరికిపోయాడు. "అవునప్పా" అన్నాడు. "నువ్వు లేకపోతే నాకెవులున్నారు?"

"సరేలే, ఏడవకు" అంది మగ్దలీన. "ఎల్లుండిలోగా ఆ గడి కాస్త నేర్సుకో. నా ఒక్కదాని వల్లా కాదు."